పెద్ద గణతంత్రంపై మాడిసన్ వాదనను ఎలా అర్థం చేసుకోవాలి?

అమెరికా రాజ్యాంగ మూలాలు చదువుతున్నాను. ఒకచోట చిక్కు విడటం లేదు. తెలిసినవారు వివరించగలరా?

అధికార విభజన విషయంలో అందరూ ఆశ్రయించేది ఫ్రెంచ్ రాజకీయ తాత్వికుడు మాంటెస్క్యూనే అని రాజ్యాంగ రూపకర్తల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ 47వ ఫెడరలిస్టు వ్యాసంలో (రాజ్యాంగాన్ని సమర్థిస్తూ పత్రికల్లో వచ్చిన వ్యాసాల్లో ఒకటి) అంటాడు. అదే మాంటెస్క్యూ 1748లో, గణతంత్రం చిన్న భూభాగంలోనే నిలుస్తుందని రాశాడు. రాజ్యాంగాన్ని వ్యతిరేకిస్తూ 1787లో 'బ్రూటస్' పేరుతో రాసిన వ్యక్తి ఆ మాటనే ఆయుధంగా చేసుకున్నాడు. మాడిసన్ మాత్రం 10వ వ్యాసంలో దాన్ని తిరగేశాడు: దేశం విశాలమయ్యే కొద్దీ స్వార్థ వర్గాలు పెరుగుతాయి, అందువల్ల ఏ ఒక్కటీ మెజారిటీగా కూడగట్టుకుని మిగతావారి హక్కులను అణచివేయడం కష్టమవుతుంది. ఇంత ధైర్యమైన ఆలోచన రాజనీతిలో అరుదని నా అభిప్రాయం. (బానిసల హక్కులు ఆ లెక్కలోకి రాకపోవడం మాత్రం మనసును కలచివేస్తుంది.)

అయితే, ప్రతినిధులు ప్రజాభిప్రాయాన్ని వడపోసి మెరుగుపరుస్తారని కూడా అదే వ్యాసంలో ఉంది. ఈ రెండింటిలో ఆయన అసలు భరోసా దేనిమీద? వర్గాల మధ్య పోటీ మీదా, ప్రతినిధుల వివేకం మీదా? స్కాటిష్ తాత్వికుడు డేవిడ్ హ్యూమ్ 1752లో రాసిన వ్యాసమే ఈ పెద్ద గణతంత్రం ఆలోచనకు ప్రేరణ అనే వాదన ఎంతవరకు నిలుస్తుంది? తెలుగులో దీని గురించి లోతుగా రాసినవి ఉంటే దయచేసి చెప్పండి.