బోటు ఇంజన్‌లో నీళ్ల పంపు మళ్ళీ మళ్ళీ పోతోంది, తప్పు ఎక్కడ వెతకాలి?

సాగర్_పడవ:
అందరికీ నమస్తే. హుస్సేన్‌సాగర్‌లో చెత్త, గుర్రపు డెక్క తీసే ఒక పడవ ఇంజన్ నా చేతిలో ఉంది. నాలుగు సిలిండర్ల మెరైన్ డీజిల్. లోపల కూలెంట్ వేరే తిరుగుతుంది, సాగర్ నీళ్లు హీట్ ఎక్స్ఛేంజర్ (కూలెంట్ వేడిని బయటి నీళ్లకి ఇచ్చే గొట్టాల పెట్టె) గుండా వెళ్లి ఎగ్జాస్ట్‌లో కలిసి బయట పడతాయి. కూలెంట్ పంపుతో పేచీ లేదు, పోయేదల్లా బయటి నీళ్లు లాగే పంపు, అంటే రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లని లాగి తోసే రెక్కల చక్రం) ఉండేది.

ఒడ్డున కట్టేసి నడిపినా, నిదానంగా పోనిచ్చినా వేడి చూపే గేజ్ 80 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. లోడు మీద రేసు పెంచి కాసేపు తిరిగేసరికి 95 దాటి అలారం మోగుతుంది. ఆపి మూత విప్పితే ఇంపెల్లర్ రెక్కలు చిరిగి ఉంటాయి, ఒకటి రెండు అసలే ఉండవు. ఇంపెల్లర్ మార్చాం, పోయింది. సీలు, బేరింగు వేయించాం, లాభం లేదు. చివరికి పంపు మొత్తం కొత్తది పెట్టిస్తే అదీ నెల తిరక్కుండా అదే దారి పట్టింది. చూసిన మెకానిక్ ఈ నీళ్లకి ఏ పంపూ ఆగదు అనేసి వెళ్లాడు. కూకట్‌పల్లి నాలా నుంచి ఏమేం వస్తాయో మనకి తెలియనిది కాదు, కానీ ఇదే నీళ్లలో పక్క పడవ అదే రకం పంపుతో హాయిగా తిరుగుతోంది కదా. నిమజ్జనం రోజులు దగ్గరపడుతున్నాయి, నడి సాగర్‌లో ఇంజన్ ఆగిపోతే పైన మనుషులుంటారు, అదే నా టెన్షన్. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

రాణిగంజ్_స్పేర్లు:
అన్నా, ముందు ఇంపెల్లర్ ఏ రబ్బరుదో చూడు. మామూలుగా వచ్చేది నియోప్రీన్, నీళ్లకి అది మంచిదే కానీ నూనె, డీజిల్ తగిలితే ఉబ్బిపోయి రెక్కలు మెత్తబడతాయి. నీళ్ల మీద జిడ్డు తేలే చోట నైట్రైల్ రకం అడిగి తీసుకో. ఇంకోటి, ఇక్కడ మార్కెట్‌లో కంపెనీ డబ్బాలో పెట్టి ఇచ్చే నకిలీలు కూడా దొరుకుతాయి, వేలితో రెక్క వంచి వదిలితే వెంటనే నిటారుగా రావాలి, వంగినట్టే ఉండిపోతే తీసుకోవద్దు.

కాకినాడ_డీజిల్:
రబ్బరు రకం తర్వాత చూద్దామండి. నెలలో రెక్కలు తెగిపోతున్నాయంటే, అదీ రేసు పెంచినప్పుడే వేడెక్కుతోందంటే, నా అనుమానం పంపు మీద కాదు, పంపుకి నీళ్లు వచ్చే దారి మీద. ఈ రకం ఇంపెల్లర్‌ని తడిగా ఉంచేది అది లాగే నీళ్లే. నీళ్లు అందకుండా తిరిగితే రెక్కల చివరలు గోడకి రాసుకుని నిమిషం లోపే కాలిపోగలవు. పూర్తిగా ఎండకపోయినా, లాగినంత నీళ్లు రాకపోతే లోపల బుడగలు పుట్టి రబ్బరుని కొరికేస్తాయి.

పాత ఇంపెల్లర్లు పారేయలేదుగా? వాటిని వెలుతురులో పెట్టి చూడండి. చివరలు నున్నగా, మాడినట్టు మెరుస్తుంటే నీళ్లు లేకుండా తిరిగిందని. రెక్క పక్కల చిన్న చిన్న గుంటలు పడితే నీళ్లు సరిగా అందలేదని. ఉబ్బి ఉంటే నూనె. రెక్క మొదట్లోనే పగుళ్లుంటే పాతబడిందనో, ముందుకి పోయే దారి మూసుకుపోయి ఒత్తిడి ఎక్కువైందనో అనుకోవాలి.

తర్వాత ఒక పరీక్ష చేయండి. పెద్ద డ్రమ్ములో మంచి నీళ్లు నింపి, పంపుకి వచ్చే పైపు ఊడదీసి, గట్టి పైపు ముక్క ఒకటి తగిలించి నేరుగా డ్రమ్ములో ముంచండి. బకెట్ సరిపోదు, చూస్తుండగానే ఖాళీ అవుతుంది, ఒక మనిషి నీళ్లు పోస్తూనే ఉండాలి. పడవని గట్టిగా కట్టేసి, లోడు పెట్టి, రేసు పెంచండి. గేజ్ 80 దగ్గరే ఆగితే తప్పు పంపుకి వెనక, అంటే పడవ అడుగున నీళ్లు వచ్చే చోటి జాలి, వాల్వు, స్ట్రెయినర్ (చెత్త ఆపే వడపోత డబ్బా), పైపు, వీటిలోనే ఉంది. అప్పుడూ ఎక్కితే హీట్ ఎక్స్ఛేంజర్, ఎగ్జాస్ట్ ఎల్బో (నీళ్లు పొగతో కలిసే వంపు గొట్టం) వైపు వెళ్లండి. ఇది చేయకుండా ఇంకో పంపు మాత్రం కొనకండి, ఊరికే డబ్బు తగలేసినట్టే.

సాగర్_పడవ:
చేశామండి. డ్రమ్ము నుంచి లాగించినప్పుడు ఎంత రేసు ఇచ్చినా ముల్లు కదల్లేదు! పాత ఇంపెల్లర్ల మీద మీరు చెప్పిన గుంటలు ఉన్నాయి, ఒకదాని చివరలు మాడాయి కూడా. స్ట్రెయినర్ విప్పితే శుభ్రంగానే ఉంది, అడుగు జాలికి ఒక ప్లాస్టిక్ కవరు చుట్టుకుని ఉంటే తీసేశాం, అయినా సాగర్ నుంచి లాగించినప్పుడు వేడి తగ్గలేదు.

నాగార్జునసాగర్_లాంచీ:
స్ట్రెయినర్ నుంచి పంపు దాకా ఉన్న పైపు ఏం పైపు? రేసు పెంచి దాని మీద చెయ్యి వేసి చూడు తమ్ముడూ. లాగే వైపు పైపు లోపల స్టీలు తీగ చుట్టు ఉండాలి. మామూలు రబ్బరు పైపు పెడితే నిదానంలో బాగానే ఉంటుంది, లాగుడు పెరగ్గానే రెండు పక్కలూ అతుక్కుంటాయి, ఇంజన్ ఆపితే మళ్ళీ గుండ్రంగా అయిపోతుంది, అందుకే విప్పి చూసినవాడికి ఏమీ కనపడదు. పైన బాగుండి లోపలి పొర ఊడి వేలాడటం కూడా చూశాను.

స్ట్రెయినర్ మూత పాకింగు కూడా నొక్కి చూడు, గట్టిపడి ఉంటే నీళ్లతో పాటు గాలి లాగుతుంది. అక్కడ నీళ్లు కారలేదు కదా అని వదిలేయొద్దు, లాగే వైపు నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది.

సాగర్_పడవ:
అన్నా, పైపే. మా కంటే ముందు పడవ చూసినవాళ్లు ఎప్పుడో మామూలు డెలివరీ పైపు వేసి వదిలేశారు. రేసు పెంచగానే చేతి కింద అది చపాతీలా అణిగిపోయింది, మా వాళ్లంతా వంగి చూశారు. తీగ చుట్టు పైపు, రెండు చివరలా జత క్లాంపులు, మూతకి కొత్త పాకింగు వేశాం. ఇప్పుడు ఫుల్ లోడు మీద 82 దాటట్లేదు.

కాకినాడ_డీజిల్:
సంతోషమండి, కానీ పడవ పనిలో దించే ముందు ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. తెగిపోయిన రెక్క ముక్కలు ఎక్కడికి పోయాయి? అవి నీళ్లతో పాటు ముందుకి వెళ్లి హీట్ ఎక్స్ఛేంజర్ గొట్టాల నోటి దగ్గర అడ్డం పడి ఉంటాయి. పక్క మూత విప్పి ఏరండి, పోయిన రెక్కలతో పక్కన పెట్టి లెక్క చూసుకోండి. గొట్టాల్లో ఇనుప చువ్వ పెట్టి పొడవద్దు, సన్న చెక్క పుల్ల చాలు.

పంపు మూత రేకు లోపలి వైపు గోరుతో గీయండి, గుండ్రటి గాడి గోరుకి తగిలితే ఆ రేకు మార్చాలి, లేకపోతే నీళ్లు రెక్కల పక్క నుంచి వెనక్కి జారిపోతాయి. మీది బెల్టుదా, గేరుదా? గేరు మీద తిరిగేదైతే పంపుకీ ఇంజన్‌కీ మధ్య మెడ కింద చిన్న కన్నం ఉంటుంది, దాన్ని మూయకండి. అక్కడ నీళ్లు కారితే నీళ్ల సీలు, నూనె కారితే నూనె సీలు పోయినట్టు. ఆ కన్నం మురికితో పూడిపోతే కారాల్సిన నీళ్లు ఇంజన్ నూనెలోకి పోయే ప్రమాదం ఉంది, డిప్ స్టిక్ మీద నూనె పాలరంగులో కనిపిస్తే ఇంజన్ స్టార్ట్ చేయొద్దు.

సాగర్_పడవ:
గేరుదే అండి. కన్నం పొడిగా ఉంది, నూనె రంగు మారలేదు. మూత రేకు మీద గాడి మాత్రం గోరుకి తగులుతోంది, రేపు రాణిగంజ్ వెళ్లి తెస్తాను. హీట్ ఎక్స్ఛేంజర్‌లో రెండు ముక్కలు దొరికాయి, లెక్కకి ఇంకొకటి తక్కువ ఉంది, ఎగ్జాస్ట్ ఎల్బో కూడా విప్పుతున్నాం.