ముకర్రం జాకు అధికార లాంఛనాలు: సబబేనా?

బొగ్గులకుంట_అమ్మాయి:
ఇవాళ, 2023 జనవరి 18న, మక్కా మసీదులో హైదరాబాద్ ఏడో నిజాం మనవడు ముకర్రం జా గారి ఖననం అయిపోయింది. 14 రాత్రి ఇస్తాంబుల్‌లో పోయారు. మర్నాడు, సంక్రాంతి నాడు, ఆయన కార్యాలయం ప్రకటన మన ఫోన్లలోకి వచ్చింది. అందులో 'ఎనిమిదో నిజాం' అని ఉంది. ప్రభుత్వం లాంఛనాలన్నీ జరిపించింది. నాకైతే సబబే అనిపించింది. పొద్దున చౌమహల్లా ప్యాలెస్‌కు పోయి లైన్లో నిలబడి చూసొచ్చాను కూడా.

మా అమ్మమ్మ కోసం వెళ్ళాను. 1967 ఫిబ్రవరి 24న ఏడో నిజాం కింగ్ కోఠిలో పోయినప్పుడు మా ఇల్లు అక్కడికి నాలుగు సందుల దూరం. మర్నాడు ఆఫీసులు మూసేశారు, జెండా సగానికి దించారు. ఆమె పాలచెంబు పట్టుకుని బయటికొస్తే రోడ్డు పొడుగునా పగిలిన గాజులు, పచ్చవీ ఎర్రవీ. కాళ్ళకు చెప్పుల్లేక గోడవారగా నడిచానని చెప్పేది. ఆడవాళ్ళు గాజులు పగలగొట్టుకుని ఏడ్చిన మనిషి మనవడికి ఆమాత్రం మర్యాద చేస్తే తప్పేంటి?

జనగామ_పోరడు:
ఎనిమిదో నిజాం ఏంది అక్కా? 1971ల 26వ రాజ్యాంగ సవరణతోని పాత రాజులకు సర్కారిచ్చే రాజభరణాలు పోయినయ్, ఆ గుర్తింపూ పోయింది.

బొగ్గులకుంట_అమ్మాయి:
తాత తన కొడుకును కాదని ఈయన్ను వారసుడిగా ఎంచుకున్నారు. 1967లో కేంద్రమే ఒప్పుకుంది. 71 దాకా చట్టప్రకారం ఎనిమిదో నిజామేగా! పోయాక లెక్కలోంచి తీసేస్తామా?

మల్కాజిగిరి_రవి:
నిజాంలందరి సమాధులూ మక్కా మసీదులోనే. ఆచారం ప్రకారమే తెచ్చారు.

లెక్కల_మాష్టారు:
అందరివీ కాదు. మొదటాయనది ఖుల్దాబాద్‌లో, ఏడో ఆయనది కింగ్ కోఠి ఎదురుగా జుడీ మసీదులో.

మల్కాజిగిరి_రవి:
సరే సార్. మిగతావి ఉన్నాయిగా.

జనగామ_పోరడు:
67 సంగతి వేరే. ఏడో ఆయన 1950 జనవరి 26 నుంచి 56 అక్టోబర్ 31 దాంక రాజప్రముఖ్, అంటే గవర్నర్ అసొంటి పదవి. రాజ్యాంగం కింద పదవి చేసినోడు. సర్కారు సంతాపం చెప్పిందంటే అర్థముంది. ఈయన ఏం పదవి చేసిండు? ఏండ్లకేండ్లు ఆస్ట్రేలియాల గొర్ల ఫారం చూసుకున్నడు. అసొంటాయనకు మన సొమ్ముతోని లాంఛనాలా?

బొగ్గులకుంట_అమ్మాయి:
మా నాన్నకు గుండెపోటొస్తే ఉస్మానియా ఆసుపత్రిలోనే బతికాడు. అది కట్టించింది ఏడో నిజామే. మీరు తాగిన గండిపేట చెరువు నీళ్ళెవరివి? ఊళ్ళనుంచి వచ్చి ఇక్కడి సుఖాలన్నీ అనుభవిస్తూ ఒక్క దండం పెట్టడానికి మనసు రాదా?

జనగామ_పోరడు:
ఊళ్ళనుంచి వచ్చినమా? గండిపేట కట్టింది ఎవల శిస్తుతోని? చెప్పొద్దనుకున్న, చెప్తున్న ఇను.

1948 ఎండకాలం మా పెదతాతను రజాకార్లు, నిజాం దిక్కు ఆయుధాలు పట్టినోళ్ళు, బాయికాడ చంపిన్రు. ఊర్ల చాటింపు వేద్దామని డప్పు పట్టినోని చేతులు విరగ్గొట్టిన్రు. ఏడుపు ఇనబడితే మళ్ళొస్తరని మా పెద్దవ్వ మూడు దినాలు నోట్ల కొంగు కుక్కుకొని కూసున్నది. గాజులు గూడ సప్పుడు గాకుండ తీసింది. తర్వాత సమరయోధుల పింఛన్ కోసం పోతే, ఒక ఆఫీసుల సచ్చినట్టు కాయితం ఉన్నదా అని అడిగిన్రు. పదకొండేండ్లు తిరిగింది. కాయితం రాకముందే పోయింది.

చిక్కడపల్లి_పద్మ:
అన్నా, చాలా బాధగా ఉంది. కానీ 1948లో ముకర్రం జాకు పద్నాలుగేళ్ళు. తాత చేసింది మనవడి మీద వెయ్యొచ్చా?

జనగామ_పోరడు:
నేను వేస్తలేనమ్మా. అక్క మొదాలు రాసింది సదువు. మర్యాద తాత నుంచే తెచ్చింది. గాజులు మనవనికి లెక్కకొస్తయ్, మా బాయి లెక్కకు రాదా?

మల్కాజిగిరి_రవి:
రాజకీయాలు వద్దు ప్లీజ్.

బొగ్గులకుంట_అమ్మాయి:
ఇది రాజకీయం కాదు రవిగారూ, ఆయన్ను మాట్లాడనివ్వండి.

తమ్ముడూ, ఊళ్ళనుంచి అన్న మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నా. మర్యాద తాత నుంచే తెచ్చానన్నది కూడా నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. లాంఛనాలు తప్పని మాత్రం ఇప్పటికీ అనలేను. అమ్మమ్మ చూసింది అబద్ధం కాదు.

మీ పెదతాత పేరేంటి?

జనగామ_పోరడు:
అవ్వ చూసింది అబద్ధమని నేననలేదు అక్కా.

పేరు ఈ లొల్లిల రాయ. రేపు పొద్దుగాల ఆయన మీదనే వేరే పోస్టు పెడ్త. ఊరు, తారీఖు, బాయి ఫొటో అన్ని పెడ్త.