కవలియేరి అవిభాజ్యాల పద్ధతి: నిరూపణా, జవాబు కనిపెట్టే ఉపాయమా?

రేఖాప్రియ: ఇటలీలోని బొలోన్యాలో గణితం బోధించిన కవలియేరి 1635లో ఒక పద్ధతి ప్రకటించాడు. సమతల ఆకారాలను వాటిలోని సమాంతర రేఖలన్నిటితో, ఘనాకారాలను వాటి సమాంతర ఛేదాలన్నిటితో పోల్చవచ్చన్నాడు. ఈ రేఖలూ ఛేదాలే అవిభాజ్యాలు. నా దృష్టిలో అది ఉపాయమే, నిరూపణ కాదు. జెస్యూట్ (కేథలిక్ మతసంఘం) పండితుడు గుల్దిన్ అభ్యంతరం నేటికీ బలమైనదే: ఒక అనంతానికీ మరో అనంతానికీ నిష్పత్తి ఎలా చెబుతారు?

సమకోణి: గీతలను పోగుచేస్తే వైశాల్యం వస్తుందన్న వాదాన్ని ఆయనకు అంటగట్టకండి. ఆయన పోల్చింది ఒకే ఎత్తులోని ఛేదాలను. వ్యాసార్ధం 5 ఉన్న అర్ధగోళాన్ని 3 ఎత్తులో కోయండి: ఛేదం వైశాల్యం 25π−9π, అంటే 16π. అదే వ్యాసార్ధం, అదే ఎత్తు ఉన్న స్థూపంలోంచి తలకిందుల శంకువును తొలిచేస్తే ఆ ఎత్తులో మిగిలేదీ 16πయే. ఎక్కడ కోసినా ఇంతే. శంకువు స్థూపంలో మూడో వంతు, కాబట్టి అర్ధగోళం ఆ స్థూపంలో మూడింట రెండు వంతులు. ఇంకా ఏం నిరూపించాలి?

రేఖాప్రియ: కవలియేరి కాలపు ఇటలీ గణితజ్ఞుడు టొరిచెల్లి చూపిన చిక్కునే తీసుకోండి. 2 పొడవు, 1 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రానికి కర్ణం గీయండి. కర్ణంపై ప్రతి బిందువు నుంచి ఒక త్రిభుజంలోకి నిలువు గీత, రెండోదానిలోకి అడ్డ గీత. ప్రతి అడ్డ గీతా తన జత నిలువు గీతకు రెట్టింపే. మరి త్రిభుజాలు సమానం కదా!

సమకోణి: అక్కడ నిబంధనే తప్పింది. రెండు ఆకారాల్లోనూ గీతలు ఒకే దిశకు సమాంతరంగా ఉండాలన్నది కవలియేరి షరతు. మీ నిలువు గీతలు 2 పొడవున పరుచుకున్నాయి, అడ్డ గీతలు 1 ఎత్తులోనే ఇరుక్కున్నాయి. 1647 నాటి పుస్తకంలో ఆయనే సమతల ఆకారాన్ని సమాంతర దారాలతో నేసిన బట్టతో పోల్చాడు. రెండు బట్టల నేత ఒకే ఒత్తుగా లేకుండా దారాలను జతకడితే లెక్క తప్పుతుంది.

శంకువు: టొరిచెల్లి 1644లో అచ్చువేసిన ఘనాన్ని మరచిపోతున్నారు. అతిపరావలయాన్ని దాని అనంతస్పర్శరేఖ (ఆ వక్రం అంతకంతకూ దగ్గరవుతూ ఎన్నటికీ తాకని గీత) చుట్టూ తిప్పి, వెడల్పాటి వైపు కోసేస్తే పొడవు అంతులేనిది, ఘనపరిమాణం మాత్రం పరిమితం! దానిలో ఒకదానిలో ఒకటి ఒదిగిన గొట్టాలను ఊహించాడు. వ్యాసార్ధం ఎంత తగ్గితే పొడవు అంత పెరుగుతుంది, కనుక ప్రతి గొట్టం ఉపరితలమూ సమానమే. ఒక్కో గొట్టానికి బదులు అంతే వైశాల్యమున్న వృత్తాన్ని పేర్చితే మామూలు స్థూపం వస్తుంది. ఇంత అందమైన వాదన చేసి కూడా, ఆర్కిమెడిస్ బాటలో రెండో నిరూపణ జోడించాడు. మొదటిది చాలదని ఆయనకే అనిపించిందా?

రేఖాప్రియ: అనుమానించేవారి నోరు మూయించడానికే రాశాడని అనుకున్నా, నా వాదన నిలుస్తుంది. కవలియేరి షరతు చదునైన సమాంతర ఛేదాలకు సంబంధించింది. వంపు తిరిగిన గొట్టాల మధ్య ఎడాన్ని పేర్చిన వృత్తాల మధ్య ఎడంతో ఎందుకు సరిపోల్చవచ్చో ఆ షరతు చెప్పదు. సమకోణి గారూ, ఆ ఎడాలు సమానమని అవిభాజ్యాలతోనే చూపండి, నిరూపణ అని ఒప్పుకుంటాను.