నాఫ్తా పంపు సీలు ఏడాది కూడా నిలవట్లేదు, మూడేళ్ల ఎంటీబీఎఫ్ (రెండు ఫెయిల్యూర్ల మధ్య సగటు కాలం) ఎలా చూపాలి?

గచ్చిబౌలి_డెస్కు: గల్ఫ్ రిఫైనరీకి ఇక్కడి నుంచే రిలయబిలిటీ రిపోర్టులు చేస్తాం. లైట్ నాఫ్తా (తేలిగ్గా ఆవిరయ్యే పెట్రోలియం ద్రవం) పంపు, సింగిల్ సీలు (షాఫ్టు దగ్గర కారకుండా ఆపేది), ప్లాన్ 11 (పంపు డిశ్చార్జి నుంచే కొంత ద్రవం సీలుకి పంపే పైపింగు). క్లయింటు మూడేళ్ల ఎంటీబీఎఫ్ అడుగుతున్నాడు. సీలు ప్లాన్ మార్చమనాలా? వైబ్రేషన్ రీడింగు నెలకోసారి చాలా?

బాలానగర్_ఫిట్టరు: రిపోర్టు తర్వాత, ముందు విప్పిన సీలు ఫొటో పెట్టండి సార్. సీలులో ఒకదానికొకటి రాసుకునే రెండు ఫేసుల్లో కార్బన్ ఫేసు అంచులు చిట్లాయా? అయితే ఫేసుల మధ్య నాఫ్తా ఆవిరైపోతోంది. గట్టి ఫేసు మీద అరుగుదల గీత కార్బన్ కంటే వెడల్పుగా ఉందా? షాఫ్టు ఊగుతోంది. కప్లింగుకి డయల్ గేజి పెట్టి సక్షన్ ఫ్లాంజి బోల్టులు వదులు చేయించండి. ముల్లు కదిలితే పైపే పంపుని లాగుతోంది.

సీలు_బాబాయ్: ప్లాన్ 11 ఆరిఫీస్ చూశారా? రంధ్రం 3 మిల్లీమీటర్లంత చిన్నదీ ఉండొచ్చు, మూసుకుపోడానికి చిన్న చెత్త చాలు.

విశాఖ_మెకానికల్: మూడేళ్ల ఎంటీబీఎఫ్ అంటే మూడేళ్లు ఆగకుండా నడవాలి, అంతే. ఇందులో డౌటేంటి?

వీబుల్_వినయ్: డౌటే అన్నా. ఫెయిల్యూర్ రేటు స్థిరమనుకుంటే ఎంటీబీఎఫ్ దాకా నిలిచేవి 37 శాతమే.

విశాఖ_మెకానికల్: షట్‌డౌన్‌లో రాత్రంతా పంపు దగ్గర నిలబడు తమ్ముడూ, శాతాలు తర్వాత చెబుదువు. పంపుల స్టాండర్డు ఏపీఐ 610లో బేరింగుకి 25,000 గంటలని స్పష్టంగా రాసుంది.

వీబుల్_వినయ్: అది ఎల్10. నూటికి తొంభై బేరింగులు దాటాల్సిన గంటలు, సగటు కాదు. రెండూ ఒకటే అనుకుని స్పేర్లు ఆర్డరిస్తే స్టోరు ఖాళీ అవుతుంది. సీఎంఆర్‌పీ అని రిలయబిలిటీ సర్టిఫికెట్ ఉంది నాకు, ఊరికే అనట్లేదు.

బాలానగర్_ఫిట్టరు: సర్టిఫికెట్‌తో సీలు కారడం ఆగుతుందా?

ఓవర్‌హాల్_వద్దు: ఆగదు. మూడేళ్లకోసారి అన్నీ విప్పేయడంతోనూ ఆగదు. 1978లో ఎయిర్‌లైన్ ఇంజనీర్లు నౌలన్, హీప్ విమాన భాగాలు లెక్కగడితే వయసుతో పాడయ్యేవి 11 శాతమే. బాగున్న పంపుని విప్పి కొత్త జబ్బు అంటిస్తాం మనం.

విశాఖ_మెకానికల్: విమానంలో నాఫ్తా పంపు ఉంటుందా?

సీలు_బాబాయ్: కొట్టుకోవడం ఆపండి. ఫ్లో ఎంత? బీఈపీ (పంపు అత్యంత సమర్థంగా నడిచే ఫ్లో)లో 70 శాతం కంటే తక్కువ ఫ్లోతో నడిపిస్తుంటే ఏ సీలు పెట్టినా దండగే.

గచ్చిబౌలి_డెస్కు: 45 శాతం బాబాయ్. యూనిట్ లోడు తగ్గించారట.

సీలు_బాబాయ్: ఇంకేం, ప్లాన్ జోలికెళ్లకు. ముందు మినిమం ఫ్లో లైను (డిశ్చార్జి నుంచి కొంత ద్రవాన్ని వెనక్కి తిప్పే పైపు) తెరిపించు.

ఫ్రెషర్_ఉప్పల్: వినయన్నా, సీఎంఆర్‌పీకి అమీర్‌పేటలో కోచింగు దొరుకుతుందా?