టైగర్ మాత్‌ని ఇంకా ఎగరనివ్వాలా, మ్యూజియంలో నిలబెట్టాలా?

బరంపురం మాస్టారు:
2013 డిసెంబర్ 16న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరం దగ్గర ఒక టైగర్ మాత్ (పైనా కిందా రెండు వరసల రెక్కలుండే, రెండు సీట్ల పాత బ్రిటిష్ శిక్షణ విమానం) గాల్లో విన్యాసం మొదలుపెడుతుండగా ఎడమ రెక్కలు ఊడిపోయి సముద్రంలో పడింది. లోపలున్న ఇద్దరూ పోయారు. మన వైమానిక దళం దగ్గరా ఒకటుంది. బ్రిటన్‌లో బాగుచేయించి తెచ్చి, 2012 ఎయిర్‌ఫోర్స్ డే నాడు ఢిల్లీ దగ్గరి హిండన్ వైమానిక స్థావరంలో ఎగరేశారు. కర్ర, గుడ్డ, ఇనుప గొట్టాలతో కట్టిన విమానం అది. మొదటిసారి ఎగిరింది 1931లో. దాని పని అది చేసేసింది, ఇక ప్రాణాలు పణంగా పెట్టడం ఎందుకు? నా ఓటు మ్యూజియానికే.

రాయగడ లోకో షెడ్:
మాస్టారూ, ఆ దర్యాప్తులో ఏం తేలిందో కూడా చెప్పాలి కదా. విరిగింది టై రాడ్లు. బాడీ అడుగున అడ్డంగా ఉండి, రెక్కల లాగుడుని భరించే ఉక్కు కడ్డీలవి. వాటికి మర (స్క్రూ థ్రెడ్) కోసిన చోట లోహం అలసిపోయి, ముందే పగుళ్లు పడ్డాయి. అసలు విషయం ఏంటంటే అవి విమానంతో పాటు పుట్టినవి కావు, ఆ తర్వాత ఆస్ట్రేలియాలోనే తయారుచేసి, అక్కడి అనుమతితో బిగించినవి. అంటే ఆ ఇద్దరి ప్రాణం తీసింది పాతబడిన డిజైన్ కాదు, దానికి వేసిన విడిభాగం. షెడ్‌లో పనిచేసేవాళ్లకి ఇది కొత్త కాదు. ఇంజన్ వయసు ఎవరూ అడగరు, ఏ పార్టు ఎప్పుడు మార్చారని అడుగుతారు.

ఇక డిజైన్ సంగతి. శిక్షణలో గురువు ముందు సీట్లో, శిష్యుడు వెనక సీట్లో. ముందు సీటు సరిగ్గా పై రెక్క కింద పడితే ప్రమాదంలో గురువు పారాషూట్‌తో దూకలేడని, పై రెక్కని ముందుకు జరిపారు. దాంతో బరువు తూకం తప్పుతుందని రెక్కల్ని కాస్త వెనక్కి వాల్చారు. మనిషి బయటపడటం కోసమే ఆకారం మార్చుకున్న విమానం ఇది. ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి. యుద్ధకాలంలో మన బేగంపేటలో కూడా ఎంతోమంది దీని మీదే తొలి పాఠాలు నేర్చుకున్నారు.

జయపురం ఎయిర్‌స్ట్రిప్:
నేను ఎగరాలనే అంటాను. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ గారి డకోటా (రెండు ఇంజన్ల పాత రవాణా విమానం) సంగతే చూడండి. ఏళ్ల తరబడి కోల్‌కతా ఎయిర్‌పోర్టులో పడి ఉంది. 2023లో ముక్కలుగా విడదీసి లారీల మీద భువనేశ్వర్‌కి తెచ్చి బిగించారు. చూసి గర్వపడ్డాం, ఫొటోలు దిగాం. వైమానిక దళానికి చేరిన ఇంకో డకోటా, పరశురామ, 2018లో బ్రిటన్ నుంచి తన ఇంజన్ల మీదే వచ్చింది. ఆ రెండూ నాకు ఒకటి కాదు.

టైగర్ మాత్‌కి సెల్ఫ్ లేదు. కార్బురేటర్ మీటని పెట్రోల్ బొట్లు బొట్లుగా కారేదాకా నొక్కి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి ప్రొపెల్లర్‌ని చేత్తో నాలుగు చుట్లు తిప్పాలి. లోపలాయన స్విచ్ వేసి "కాంటాక్ట్" అన్నాక బ్లేడ్‌ని కిందికి గుంజి, వెంటనే వెనక్కి తప్పుకోవాలి. బ్రేకులు లేవు కాబట్టి చక్రాలకి అడ్డం పెట్టి ఉంచుతారు. ఎగరేయడం ఆపేశాక ఈ పని తెలిసిన చేతులు ఎక్కడ దొరుకుతాయి?

సిరోంచ గోదారి గట్టు:
రాయగడ అన్నా, మీ వాదనే మీకు అడ్డొస్తోంది. డిజైన్ మంచిదే అనుకుందాం. కానీ పాత పార్టు అలసిపోతుంది, కొత్త పార్టు ఎవరో కొద్ది మొత్తంలో చేయాలి. అదెంత గట్టిదో గాల్లోనే తెలుస్తుందంటే అది పరీక్షా? పైగా క్వీన్స్‌లాండ్‌లో పోయినవాళ్లలో ఒకరు సరదా రైడ్‌కి వచ్చిన మనిషి. ఆ మనిషికి టై రాడ్ అంటే ఏమిటో ఎవరు చెప్పి ఉంటారు?

రాయగడ లోకో షెడ్:
తమ్ముడూ, నీ చివరి మాట నిజం. అందుకే నేను జనాన్ని ఎక్కించొద్దంటాను. విన్యాసాలూ వద్దు. తెల్లారి గాలి లేనప్పుడు తిన్నగా, మెల్లగా ఒక చుట్టు, అంతే. టై రాడ్లకి గడువు పెట్టి, చూడ్డానికి బాగున్నా సరే గడువు రాగానే మార్చేయాలి. ఎవరు చేశారు, ఎప్పుడు బిగించారు అన్న కాగితం లేని పార్టు ఉంటే ఆ రోజు ఎగరకూడదు. దేశంలో మిగిలినవన్నీ మ్యూజియంలోనే ఉండనివ్వండి, ఒక్కటి మాత్రం ఎగరాలి.

బరంపురం మాస్టారు:
జనాన్ని ఎక్కించకపోతే నా అభ్యంతరం సగం తగ్గింది. పైలట్ ప్రాణం సంగతి మిగిలింది. ఆయన తెలిసే ఎక్కుతాడు, ఒప్పుకుంటాను. కానీ తెల్లవారి గాలి లేని వేళ అన్నారు. మన బరంపురం రంగైలుండా ఎయిర్‌స్ట్రిప్ లాంటి చోట తీరం ఉప్పు గాలికి గుడ్డ, కర్ర, జిగురు ఎన్నాళ్లు నిలుస్తాయి? ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఇక్కడ పక్కా షెడ్లే ఎగిరిపోయాయి. దాన్ని ఎక్కడ ఉంచుతారో ముందు చెప్పండి, తర్వాత ఓటు మార్చుకుంటాను.