సేవా యాత్ర నడిపే విద్యార్థులకు శిక్షణ ఎలా ఇవ్వాలి?

మా కాలేజీలో సెలవుల్లో వారం రోజుల సేవా యాత్రలు ఉంటాయి. 12 మంది వాలంటీర్లు, వాళ్లను నడిపించేది ఇద్దరు విద్యార్థులే. లెక్చరర్ ఒకరు తోడు వస్తారు గానీ నిర్ణయాలు ఆ ఇద్దరివే. ఈసారి లీడర్లకు శిక్షణ ఇచ్చే పని నా మీద పడింది.

ప్రయాణం, బస, ఫస్ట్ ఎయిడ్, ఎవరికి ఏ మందు పడదు, ఇవన్నీ కాగితం మీద రాసిచ్చేయొచ్చు. నా టెన్షన్ వేరే.

పోయినసారి నేనే లీడర్‌ని. మూడో రోజు ఒకబ్బాయి పని వదిలేసి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. వాడు నా క్లాస్‌మేటే, గట్టిగా అనలేకపోయాను. మిగతావాళ్లు వాడి పని కూడా చేశారు, లోపల కోపం పెట్టుకున్నారు. రాత్రి అందరం కూర్చున్నప్పుడు "ఈ రోజు ఎలా అనిపించింది?" అని అడిగితే "బాగుంది" అన్నారంతే. అది అడగాల్సిన ప్రశ్న కాదని తర్వాత అర్థమైంది. ఇంకో తప్పు, అక్కడివాళ్లను అడక్కుండానే గోడలకు రంగులేశాం. వాళ్లకు కావాల్సింది నీళ్ల ట్యాంకు కడిగిపెట్టడమట! తలెత్తుకోలేకపోయాను.

స్నేహితుణ్ణి మందలించడం ఎలా నేర్పుతారు? ఇద్దరు ముగ్గురితో సన్నివేశం నటింపజేస్తే పనిచేస్తుందా, నవ్వులాటగా మారిపోతుందా? రాత్రి మాటల్లో నోళ్లు విప్పించే ప్రశ్నలేంటి? శిక్షణ ఒకేసారి రెండు రోజులు పెట్టాలా, వారానికో గంట చొప్పున సాగదీయాలా? ఇలాంటివి నడిపినవాళ్లు ఉంటే, ముఖ్యంగా మీకు బెడిసికొట్టినవి చెప్పండి ప్లీజ్.