అప్‌డేట్: మైనస్ 30 డిగ్రీల చలిలో స్టార్ట్ కాని కారు, దోషం బ్యాటరీది కాదు

కొత్త బ్యాటరీ వేసిన తరువాత కూడా, చలి మైనస్ 30 డిగ్రీలకు చేరిన ఉదయాల్లో తాళం తిప్పితే టక్కుమనే శబ్దం మాత్రమే వచ్చి, డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ ఒకేసారి వెలుగుతున్నాయని గతంలో ఇక్కడ అడిగాను. కారణం ఇప్పుడు దొరికింది.

స్టార్టర్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు) తిప్పుతున్న సమయంలోనే వోల్టేజీ కొలవాలన్న మీ సూచనే దారి చూపింది. వోల్టేజీ కొలిచే మల్టీమీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు, రెండవదాన్ని ఇంజిన్ లోహానికి ఆనించి, మరొకరిని తాళం తిప్పమన్నాను. అర వోల్టు లోపే ఉండవలసిన తేడా 1.6 వోల్టులు చూపింది. ఇంజిన్‌ను బాడీకి కలిపే ఎర్త్ తీగ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) చివర, పైకి శుభ్రంగానే కనిపించినా, బోల్టు కింద పూర్తిగా తుప్పు పట్టి ఉంది. అంతకుముందు అదే తీగను, నిరోధాన్ని కొలిచే ఓమ్ మీటరుతో పరీక్షించి బాగుందని నిర్ధారించుకోవడం నా పొరపాటే. అతి స్వల్ప కరెంటుతో కొలిచే ఆ పరీక్ష వందల ఆంపియర్ల భారం కింద బయటపడే లోపాన్ని చూపలేదు.

చలిలోనే ఎందుకన్న నా సందేహం కూడా తీరింది. ఇంజిన్ నూనె చిక్కబడి స్టార్టర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, బ్యాటరీలో రసాయన చర్య మందగించి ఇవ్వగల కరెంటు తగ్గుతుంది, దానికి తోడు తుప్పు దగ్గర జరిగే నష్టం కరెంటుతో పాటు పెరుగుతుంది. వోల్టేజీ పడిపోయినప్పుడు కంట్రోల్ మాడ్యూళ్లు (కారులోని చిన్న కంప్యూటర్లు) తప్పుడు దోష కోడ్‌లు నమోదు చేసుకున్నాయి. ఆ దీపాలను నమ్మి సెన్సార్లు కొననందుకు సంతోషంగా ఉంది.

తీగ మార్చి, లోహాన్ని గీకి బిగించాక తేడా 0.2 వోల్టులకు తగ్గింది. ఆ తరువాత వచ్చిన మూడు మైనస్ 30 ఉదయాల్లోనూ కారు మొదటి ప్రయత్నంలోనే స్టార్ట్ అయింది.